పెద్దపాడు

1962 జనవరి 8

సర్కారు చేపల సర్వే క్యాంపులో చేరాను. ఉద్యోగం పేరు డైవింగ్ అసిస్టెంట్. డాక్టరు గారు రెండు నోటుబుక్కులు ఇచ్చారు. ఒకదానిలో రోజూ ఎంత లోతుకు దిగాం, నీళ్ళ వేడి ఎంత, ఏ చేపలు కనిపించాయి, అన్నీ రాయాలి. రెండోది స్పేర్ అన్నారు. స్పేర్‌ది నాది. దీన్ని ఎవరికీ చూపించను. అమ్మకు చదువు రాదు కాబట్టి ఇంట్లోనూ భయం లేదు.

ఈయన మందులిచ్చే డాక్టరు కాదు, చేపల డాక్టరు. ఈ పని ఎందుకు కావాలని ఇంటర్వ్యూలో అడిగితే, సముద్రమంటే ఇష్టం సార్ అన్నాను. పచ్చి అబద్ధం. కామాక్షయ్య పని పట్టాలి, సర్వే జరిగేది వాడి చోట్లోనే, అందుకు. ఈ మాట కాగితం మీద పెట్టాక కడుపు కొంచెం చల్లబడింది.

జనవరి 11

డాక్టరు గారిది కృష్ణా జిల్లా. మ్యాపులో పెద్దపాడు అన్న పేరు చూసి నవ్వారు. మంచి చేపలుండే చోటుకు పాడు అని పేరేమిటయ్యా, పాడైపోయిందా అని అడిగారు. అరగంట కూర్చోబెట్టి చెప్పాను. మా కుప్పంలో, అంటే మా జాలరి పల్లెలో, పాడు అంటే వంతు. ఎవరి వంతు రోజున వాళ్ళే వల వేయాలి. అలా వంతు మీద వేటాడే చోటును కూడా పాడనే అంటాం. సరస్సు ముఖద్వారం దాటి సముద్రంలోకి రెండు మైళ్ళు పోతే నీళ్ళ కింద పెద్ద రాళ్ళ దిబ్బ ఉంది. అదే పెద్దపాడు. మా తాతల నుంచీ కుప్పం పెద్దలు ఏటా చీట్లు వేసి దాని వంతులు పంచేవాళ్ళు. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలు దురాయి వేసేవాళ్ళు. దురాయి అంటే అందరి ముందూ చెప్పి పెట్టే కట్టుబాటు. ఆ రెండు నెలలు ఒక్క వల కూడా అటు పోదు. దురాయి తప్పినవాడితో కుప్పంలో ఎవరూ మాట్లాడరు, నిప్పు కూడా ఇవ్వరు.

డాక్టరు గారు మూడు పేజీలు రాసుకున్నారు. మనం పుస్తకాల్లో చదివి నేర్చుకునేది మీవాళ్ళు ఎప్పుడో చేశారయ్యా అన్నారు. చేశారు సార్, ఇప్పుడు చేయడానికి మా చేతిలో ఏముంది అన్నాను.

1954లో సర్కారు పెద్దపాడును వేలం వేసింది. సూళ్లూరుపేట చేపల వ్యాపారి కామాక్షయ్య పాడుకున్నాడు. నాలుగేళ్ళకోసారి మళ్ళీ వేలం, మళ్ళీ కామాక్షయ్యే. తరతరాల వంతు ఒక్క రోజులో వేలానికి ఎలా పోయిందని కుప్పంలో ఎవరిని అడిగినా మాట మారుస్తారు. పిరికివాళ్ళు. కామాక్షయ్య తాలూకా కచేరీలో ఎవడినో పట్టుకుని రికార్డు మార్పించాడు. నాకు రుజువు లేదు. అయినా నాకు తెలుసు.

జనవరి 12

నిన్న అసలు సంగతి రాయకుండా పుస్తకం మూసేశాను. రాయాలి.

1956లో, పాత లెక్కన తన వంతు వచ్చిన రోజు, మా నాయన చెంగయ్య వల తీసుకుని పెద్దపాడుకు పోయాడు. కామాక్షయ్య మనుషులు పట్టుకున్నారు. దొంగతనం కేసు పెట్టారు. తన వంతు రోజున తన పాడులో వల వేసినందుకు మా నాయన దొంగయ్యాడు. ఇరవై ఒక్క రోజులు సబ్‌జైలు. నేను అప్పుడు గూడూరులో చదువుకుంటున్నాను. తిరిగొచ్చిన మనిషి మాట్లాడలేదు. అమ్మతో అవసరానికి ఒకటి రెండు మాటలు, నాతో అది కూడా లేదు. సెలవులకు వస్తే నా ముఖం వంక చూసి, లేచి వలల దగ్గరికి పోయేవాడు. రెండేళ్ళు అలాగే బతికి, 1958లో అలాగే పోయాడు. మా నాయన నోరు నొక్కేసింది కామాక్షయ్య. వాడి ఊపిరి నేను నొక్కుతాను.

జనవరి 20

మొదటిసారి ఆక్వాలంగ్ తగిలించుకుని సముద్రంలో దిగాను. వీపున సిలిండర్, నడుముకు సీసం బెల్టు, ముఖానికి మాస్కు. పడవ నడిపే షావలి అన్న నన్ను చూసి, ఏందబ్బయా నువ్వు పెళ్ళికొడుకువా, సోడా బండివా అని పొట్ట పట్టుకుని నవ్వాడు. కంప్రెసర్ పని కూడా ఆయనదే, నాకు నేర్పిస్తున్నాడు.

పుట్టిన దగ్గర్నుంచీ సముద్రాన్ని పైనుంచే చూశాను. లోపల ఇల్లు ఉందని తెలియకుండా వాకిట్లోనే బతికినట్టుంది. నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. నీళ్ళ కింద ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేరు. అది నాకు బాగా నచ్చింది.

ఫిబ్రవరి 3

సంతలో కామాక్షయ్యను చూశాను. లావయ్యాడు.

ఫిబ్రవరి 16

ఈ రోజు పెద్దపాడులో దిగాం. అయిదు బారల లోతు, ముప్పై అడుగులు.

పడమటి వైపు రాళ్ళు పగిలి కుప్పలుగా పడి ఉన్నాయి. పగిలిన చోట తెల్లగా, ఏమీ అంటుకోకుండా. రాతి సందుల్లో నడుము విరిగిన చేపలు ఇరుక్కుని కుళ్ళిపోయి ఉన్నాయి. పేలుడు మందు వేసి చంపిన చేపల్లో సగం పైకి తేలవు, మునిగి అడుగుకు పోతాయి, తేలిన సగాన్నే వాళ్ళు ఏరుకుంటారు అని డాక్టరు గారు చెప్పారు. పండుగప్ప పిల్లలు, వేలెడంతవి, లెక్క పెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర మానేశాను. మాస్కులో నీళ్ళు వచ్చాయి. సముద్రం నీళ్ళు కావు.

మందు ఎక్కడిదని షావలి అన్నను అడిగాను. గూడూరు వైపు అభ్రకం గనుల్లోంచి దొంగతనంగా వస్తాది, కామాక్షయ్య మనుషులు బుట్టలో చేపల కింద పెట్టుకుని తెస్తారు, అందరికీ తెలిసిందేగా అన్నాడు. ఐసు పెట్టెలు రైల్లో మద్రాసు పోతాయి. అక్కడ తినేవాళ్ళకు ఇది ఎలా చచ్చిందో ఎందుకు?

తూర్పు వైపు ఒక్కడినే కాసేపు తిరిగాను. అక్కడ రాతి పగులు ఒకటుంది, లోతుగా. దానికి మందు దెబ్బ తగల్లేదు. మీసాలున్న పెద్ద రొయ్యలు వరసగా, పైన వేలకు వేలు పిల్లచేపలు. డాక్టరు గారి నోటుబుక్కులో అది రాయలేదు. ఎందుకు రాయలేదో నాకే సరిగ్గా తెలీదు. కామాక్షయ్య చేతికి పోయే ఏ కాగితంలోనూ అది ఉండకూడదనిపించింది.

మార్చి 5

నేను నీళ్ళలో ఉండగానే మందు వేశారు. అర మైలు దూరంలోనట. రొమ్ము మీద ఎవరో రోకలితో పొడిచినట్టయింది. పైకి వచ్చేసరికి ఎడమ చెవి నుంచి రక్తం. షావలి అన్న తుడుస్తూ తుడుస్తూ ఏడ్చాడు, ఆ దొంగ నా బట్టలు నాశనమైపోను అని వాళ్ళను తిట్టాడు. నేను తిట్టలేదు. తిట్లతో తీరేది కాదు ఇది.

మార్చి 7

కామాక్షయ్య స్వయంగా క్యాంపుకు వచ్చాడు. వంజరం చేపలు రెండు ఐసులో పెట్టి తెచ్చాడు. పనోళ్ళు తెలవక చేసినారు, పిలగాడికి ఇంకా నయమేగా అని నా భుజం తట్టాడు. నేను చెంగయ్య కొడుకునని వాడికి తెలీదు. డాక్టరు గారి మనిషిని, అంతే.

తర్వాత సిలిండర్ల చుట్టూ తిరిగి, దీనితో నేను కూడా లోపలికి పోవచ్చా సార్, నా పాడు ఎట్టుండాదో ఒకసారి నా కళ్ళతో చూసుకోవాల అన్నాడు. నా పాడు అన్నాడు! పళ్ళు నూరుకున్నాను. డాక్టరు గారు సరేనన్నారు. వాడు వెళ్ళాక నాతో, మనం రిపోర్టులు ఎన్ని రాసినా ఇతను వినడు, ఆ పగిలిన రాళ్ళు ఒక్కసారి చూస్తే మారతాడేమో అన్నారు. పాపం, చదువుకున్న మనిషి. వాడు మారడు సార్. కానీ చూడనివ్వండి. నేనే దింపుతాను.

మార్చి 9, పొద్దున ఆరు

వాడి ఊపిరి ఎలా నొక్కాలో తేలింది.

సిలిండర్ పక్కన సన్నటి ఇనుప కమ్మీ ఉంటుంది. గాలి అయిపోవస్తుంటే పీల్చడం బరువవుతుంది. అప్పుడు చెయ్యి వెనక్కి పెట్టి ఆ కమ్మీ కిందకి లాగాలి. దాచిపెట్టిన గాలి, అయిదు నిమిషాలకు సరిపడా, వస్తుంది. దిగేముందు కమ్మీ పైకి ఉందో లేదో చూడ్డం నా డ్యూటీ. అది ముందే కిందకి లాగి ఉంటే దాచిన గాలి అంటూ ఏమీ ఉండదు. ఇంకా ఉందిలే అనుకుంటుండగానే గాలి ఆగిపోతుంది.

సిలిండర్ సగమే నింపాలి. కమ్మీ కిందకి లాగి పెట్టాలి. బెల్టుకు రెండు సీసం బిళ్ళలు ఎక్కువ వేయాలి. పైకి రాబోతే కాలు పట్టుకోవాలి, కాసేపు చాలు. కొత్తవాడు, లావుపాటి మనిషి, భయంతో చచ్చిపోయాడంటారు. డాక్టరు గారికి చెడ్డపేరు వస్తుంది, అందుకు బాధగానే ఉంది. అయినా చేస్తాను. మా నాయన రెండేళ్ళు మాట లేకుండా ఉన్నాడు. వీడు రెండు నిమిషాలు గాలి లేకుండా ఉండలేడా?

మార్చి 10

ఈ రోజు అన్నం రుచిగా ఉంది. చాలా రోజులకు.

మార్చి 12

కామాక్షయ్యకు చెరువులాంటి చోట, మొలలోతు నీళ్ళలో, ఊపిరి పీల్చడం నేర్పాను. గుడ్డలు విప్పితే చంటిపిల్లాడిలా ఉన్నాడు. పొట్ట మీద బెల్టు ఎక్కదు. బాగా నేర్పుతున్నావబ్బయా అని మెచ్చుకున్నాడు. పదిహేడో తారీఖు దిగుతాడు.

మార్చి 14

డాక్టరు గారు తన రిపోర్టు కోసం పెద్దపాడు పాత రికార్డు చూసి కాపీ చేసుకు రమ్మని ఉత్తరమిచ్చి కచేరీకి పంపారు. ఎగిరి గంతేశాను. కామాక్షయ్య ఎవడిచేత ఏం రాయించాడో ఈ రోజు బయటపడుతుందనుకున్నాను.

గుమాస్తా కట్ట విప్పి నా ముందు పడేశాడు. అన్నిటికన్నా కింద 1952 నాటి కాగితం. కుప్పం పెద్దల వాఙ్మూలం, ఇంగ్లీషులో. అందులో ఒక వరుస:

పెద్దపాడు. పాడు అనగా వేస్ట్.

దాని మీదే మిగతాదంతా నడిచింది. వేస్ట్ కాబట్టి ఎవరి హక్కూ లేదు. ఎవరి హక్కూ లేదు కాబట్టి వేలం.

అట్టడుగున, ఇంగ్లీషు చేసినవారు: పి. ఆదెయ్య, థర్డ్ ఫారం విద్యార్థి.

మార్చి 15

అది నా చేతిరాతే.

మార్చి 16

జ్వరమని చెప్పి పడుకున్నాను. జ్వరం లేదు.

అంతా గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ళు నాకు. సర్వే దొర వచ్చాడు, ఆయనకు తెలుగు రాదు. కుప్పంలో ఇంగ్లీషు వచ్చినవాడిని నేనొక్కడినే. నాయన నన్ను భుజం పట్టి ముందుకు తోసి, మావాడు చెప్తాడు దొరా అన్నాడు, ఎంత గొప్పగా అన్నాడో! దొర పటంలో ఒక్కొక్క చోటు వేలు పెట్టి చూపించి అడుగుతున్నాడు. అయ్యా ఇది పాడు అని పెద్దలు అన్నారు. వంతు అని చెప్పడానికి నాకు ఇంగ్లీషు మాట తట్టలేదు. తట్టలేదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. బడిలో చెప్పిన పాడు గుర్తొచ్చింది, పాడుబడిన ఇల్లు, పాడు నేల. వేస్ట్ సర్ అన్నాను. రాయమన్నాడు. రాశాను. దస్తూరీ బాగుందని దొర మెచ్చుకుంటే రెండు రోజులు నేల మీద నడవలేదు.

ఇన్నాళ్ళూ నేను వెతికిన లంచగొండి గుమాస్తా ఎవరూ లేరు. ఉన్నది నేను. కసి అలాగే ఉంది, ఇసుమంత కూడా తగ్గలేదు, దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియడం లేదు. కామాక్షయ్య మీదే పెడతాను. మందు వేసింది వాడేగా. పిల్లచేపల్ని చంపింది వాడేగా. మా నాయనను దొంగను చేసింది వాడేగా. రేపు దింపుతున్నాను.

మార్చి 17, సాయంత్రం

కమ్మీ కిందకి లాగే పెట్టాను. సగం సిలిండర్. సీసం బిళ్ళలు రెండు ఎక్కువ. అన్నీ అనుకున్నట్టే చేశాను.

అడుగుకు చేరాం. పడమటి వైపే తీసుకుపోయాను. పగిలిన రాళ్ళ మధ్య కామాక్షయ్య అటూ ఇటూ చూశాడు. ఒక్క చేప లేదు. చేతులు రెండూ తిప్పి, ఏవీ అన్నట్టు నన్ను అడిగాడు. పది నిమిషాలు కాగానే వాడి కళ్ళు మాస్కులో పెద్దవయ్యాయి. గాలి ఆగింది. నేను నేర్పినట్టే వెనక కమ్మీ వెతుక్కున్నాడు, అది అప్పటికే కిందకి ఉంది. పైకి తన్నుకోబోయాడు. కాలు పట్టుకున్నాను.

వాడు నా జుట్టు పట్టుకోలేదు, గొంతు పట్టుకోలేదు. కింద తడుముకుని నా చేతిని పట్టుకున్నాడు. కాపాడతానని నమ్మి పట్టుకున్నాడు. తన కాలు పట్టుకున్నది సాయం చేయడానికేననుకున్నాడు, వెర్రివాడు.

నా నోట్లోని గాలి గొట్టం తీసి వాడి నోట్లో పెట్టాను. బెల్టు ఊడదీసి పైకి లాక్కొచ్చాను. జాలి కాదు. వాడు చస్తే నేను పద్నాలుగేళ్ళప్పుడు చేసింది చెరిగిపోతుందా? అదొక్కటే అప్పుడు తలలో తిరిగింది. షావలి అన్న పడవలోకి గుంజాడు. నీళ్ళు కక్కుకుని, ఏడ్చి, కామాక్షయ్య నన్ను కావలించుకున్నాడు. నాకు ప్రాణం పోసినావు నాయనా, నువ్వు నా కడుపున పుట్టాల్సినోడివి అన్నాడు.

ఒడ్డుకు వచ్చేదాకా వాడి నోరు ఆగలేదు. ఈ పాడు మీకెలా వచ్చిందని అడిగాను. నేనెవురికీ లంచం ఇయ్యలా అబ్బయా, వేస్టు అని కాయితంలో ఉండాది, సర్కారు వేలం వేసింది, నేను పాడుకున్నా అన్నాడు. ఆ కుప్పపోడే ఒక పిలగాడు ఇంగ్లీషులో రాసిచ్చినాడంట అన్నాడు. మళ్ళీ తనే, చెంగయ్య అని ఒక ముసిలోడు ఉండె, కోర్టులో ఇది మా పాడు, మా పాడు అని గగ్గోలు పెట్టినాడు, ఆ కాయితం చదివి కింద ఆ పిలగాడి పేరు చెప్పినారు, అంతే, గప్‌చిప్ అయిపొయినాడు, నేనే దొంగతనం చేసినా శిక్ష వెయ్యండి అన్నాడు, ఎందుకో ఈనాటికీ నాకు తెలవదు అన్నాడు.

మార్చి 18

ఇంటికి పోయి అమ్మను అడిగాను. నాయనకు తెలుసా అని. అమ్మ చేపలు ఎండేస్తోంది. చేతిలోది కింద పడింది. ఎవురు చెప్పినారు నీకు, మన కుప్పపోళ్ళేనా అని రెండుసార్లు అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. కాదు, కామాక్షయ్య అన్నాను. ఊపిరి పీల్చుకుంది. అయితే సరే అని మళ్ళీ చేపలు ఎండేసుకుంది. ఎంత అడిగినా ఇంక పలకలేదు.

మార్చి 29

వేలం ఏప్రిల్ పదహారున. కామాక్షయ్య జీపు పంపి ఇంటికి పిలిపించుకున్నాడు. ఇడ్లీ పెట్టించాడు. నేను చూసింది కాసేపే, నువ్వు మూడు నెలలుగా దిగుతుండావు, నీ మాట మీద నాకు నమ్మకం, పెద్దపాడు ఎట్టుండాది, మళ్ళా పాడుకోమంటావా అని అడిగాడు.

తూర్పు వైపు పగులు గుర్తొచ్చింది. రొయ్యలు, వేలకు వేలు పిల్లలు. రెండు మూడేళ్ళు వదిలేస్తే దిబ్బంతా నిండుతుంది.

అది పాడేనయ్యా, నిజంగా పాడే అన్నాను.

తల ఊపాడు. అవును, నేను కూడా చూసినాను కదా అన్నాడు. నేను అబద్ధం ఆడలేదు. నవ్వు ఆపుకోలేక చెయ్యి కడుక్కునే నెపంతో దొడ్లోకి పోయాను. అక్కడ నవ్వు రాలేదు.

ఏప్రిల్ 16

వేలంలో ఎవరూ పాట పాడలేదు. కామాక్షయ్యే వద్దనుకున్న చోటు ఇంకెవడికి కావాలి? డాక్టరు గారు ముందే కలెక్టరుకు రాసి ఉంచారట. పెద్దపాడును మా కుప్పం పేరనే నామమాత్రపు కౌలుకు ఇచ్చేశారు. షావలి అన్న తాటాకు టోపీ గాల్లోకి విసిరాడు. కామాక్షయ్య నన్ను చూసి, మంచి సలహా ఇచ్చినావబ్బయా అన్నాడు.

వాడికి ఎప్పటికైనా తెలుస్తుంది. ఆ రోజు వాడి ముఖం చూడాలి. అది మాత్రం నేను వదులుకోను.

మే 6

చీట్లు వేయడానికి కుప్పం అంతా కూర్చుంది. మూడేళ్ళు పెద్దపాడులో వల వేయకూడదని దురాయి వేశారు, ఆ తర్వాతి వంతులకే ఈ చీట్లు. నా పేరు వేయొద్దని లేచాను. పదేళ్ళ కిందట దొరతో ఆ మాట అన్నది నేనేనని అందరికీ చెప్పేశాను. ఒక్కడు కూడా ఆశ్చర్యపోలేదు.

కుప్పం పెద్ద జయరామయ్య తాత చెప్పాడు. మాకందరికీ తెలుసు నాయనా, నీకు ఎవురూ చెప్పగూడదని మీ నాయన జైలు నుంచి వచ్చిన రోజే దురాయి వేయించుకున్నాడు, నోరు తెరిస్తే తనే యాడ మాట జారతాడోనని భయపడి నీతో మాటే మానేసె అన్నాడు. ఇప్పుడు నీకు తెలిసిపోయింది గదా, ఆ దురాయి తీసేయమంటావా అని అడిగాడు.